ఉస్తాద్ తప్పుల గోడ

మా ఉస్తాద్ పోయారని మంగళవారం ఆయన భార్య, ఆంటీ ఫోన్ చేశారు. "ఆయన వెళ్ళిపోయారు బాబూ. పనులన్నీ అయ్యాక వచ్చి షెడ్డు ఖాళీ చెయ్యి" అన్నారు, అంతే. ఆ ఇంట్లో మెత్తగా మాట్లాడటం ఎవరికీ రాదు.

మిలిటరీలో బళ్ళు బాగుచేసి రిటైరైన కాకినాడ మనిషి ఆయన. కరోల్ బాగ్‌లో ఓ సందులో మోటార్‌సైకిల్ ఇంజన్లు విప్పేవారు. నేను నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఆదివారాలు ఆయన దగ్గర పని నేర్చుకున్నాను. నేర్చుకున్నాననడం మర్యాద కోసం, తిన్నవి తిట్లే. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏది అరిగిందో చెప్పేసేవారు. నన్ను వినమంటే నాకంతా ఒకటే గోల. "చెవులా అవి, హెల్మెట్ తగిలించే కొక్కేలా?" అనేవారు.

షెడ్డు ముందు గోడకి వరసగా మేకులు. పాడైన భాగాన్ని మేకుకి వేలాడదీసి, బండి నంబరు రాసిన అట్టముక్క కట్టేవారు, యజమాని నిర్లక్ష్యం సందంతా చూడాలని. "ఇంజన్ దానంతటది చావదురా, ఎవడో చంపుతాడు" అనేవారు.

ఆరేళ్ళ కిందట, బండి మీద భోజనాలు డెలివరీ చేసి బతికే నడివయసు మనిషి ఒకతను వచ్చాడు. పది రోజుల ముందే మా దగ్గర ఇంజన్ చేయించుకున్నాడు. ఇప్పుడు పైభాగంలో టకటకమని చప్పుడు. ఉస్తాద్ విని, మూత తీశారు. వాల్వుల్ని నడిపే కామ్‌షాఫ్ట్ మాడి నల్లబడింది. పైకి ఆయిల్ అందలేదు. కింద చూస్తే ఆయిల్ నిండుగానే ఉంది.

పొద్దున్నే పోసుకొచ్చి నాటకాలాడుతున్నావని ఉస్తాద్ పదిమందిలో అతణ్ణి కడిగేశారు.

"కసమ్ సే ఉస్తాద్‌జీ, రోజ్ దేఖ్‌తా హూఁ" అన్నాడతను. రోజూ చూసుకుంటున్నానని ఒట్టేశాడు పాపం.

సిలిండర్ కింద వేసే కాగితం ప్యాకింగ్ కత్తిరించింది నేనే. ఆయిల్ పైకెళ్ళే చిన్న రంధ్రం కొట్టానా? కొట్టలేదు. ఒక్క మాట చెబితే సరిపోయేది. సిగ్గులేని వెధవని, టీ తెస్తానని జారుకున్నాను. తిరిగొచ్చేసరికి అతను బండి అక్కడే వదిలేసి మెట్రో వైపు నడిచి వెళ్ళిపోయాడు. ఉస్తాద్ ఒక్కరే, విప్పిన సిలిండర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ప్యాకింగ్ కనబడలేదు. చిరిగి చెత్తలో పోయుంటుందని నా మనసు కుదుటపడింది. కామ్‌షాఫ్ట్ అతని నంబరుతో గోడకెక్కింది. బండి కోసం కూడా అతను మళ్ళీ రాలేదు.

అప్పట్నుంచీ ఉస్తాద్ నన్ను ఏ ఇంజనూ మూయనివ్వలేదు. "నువ్వు విప్పు, మూసేది నేను" అనేవారు. తిట్టడం కూడా మానేశారు. పెద్దాయనకి నేనంటే ప్రేమ పెరిగిందని ఇందిరాపురంలో మా వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

నిన్న ఆంటీ, నేను గోడ ఖాళీ చేశాం. ఆ కామ్‌షాఫ్ట్ నేనే తీశాను. దాని వెనక, అదే మేకుకి, ఓ కాగితం ప్యాకింగ్ ఉంది. బోల్టుల రంధ్రాలు నాలుగూ ఉన్నాయి. ఆయిల్ రంధ్రం లేదు. దానికీ అట్టముక్క కట్టారు, రాత గోడవైపుకి తిప్పి.

ఆంటీ కళ్ళజోడు సవరించుకుని చదివారు. "ఇది నీ పేరు కదా బాబూ?"

అవునన్నాను. ఆయన నన్ను కాపాడారు. దానికి దణ్ణం పెట్టాలో ఏడవాలో నాకు తెలియలేదు. నా పేరు ఆరేళ్ళూ గోడని చూస్తూ ఉంది. అతని నంబరు మాత్రం సందులోకి తిరిగి, ఎండకి వెలిసిపోతూ, వచ్చేపోయేవాళ్ళందరికీ కనబడుతూ వేలాడింది.