దుబెర్నే గారు మింగరు

ఎవారిస్ట్ దుబెర్నే గారు వైన్ మింగరు. ఉమ్మేస్తారు. నలభై ఏళ్లుగా ఫ్రాన్సులోని మా మెదోక్ ప్రాంతపు ఎర్ర వైన్ల మీద తీర్పు చెబుతున్న మనిషి, ఒక్క గుక్క కూడా గొంతు దిగనివ్వలేదు.

విమర్శకులందరూ ఉమ్ముతారు కదా అని మీరనొచ్చు. నిజమే. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పీపా తర్వాత పీపా రుచి చూసేవాడు అన్నీ మింగితే చివరి పీపాని కౌగిలించుకుంటాడు. కానీ మిగతావాళ్లు పని పూటే ఉమ్ముతారు. భోజనానికి కూర్చున్నాక మనుషుల్లా తాగుతారు. దుబెర్నే గారు భోజనం దగ్గరా ఉమ్ముతారు. పుట్టినరోజుల్లో ఉమ్ముతారు. సొంత కూతురి పెళ్లిలో వియ్యంకుడు ప్రేమగా పోసిన వైన్‌ని పక్కనే ఉన్న పూలకుండీలో ఉమ్మారు.

"ఆ మొక్క బతికిందా?" అని తర్వాతెప్పుడో అడిగాను.

"బతికింది. వైన్ మంచిదే" అన్నారు.

సూప్ అడుగున కాస్త మిగిల్చి, అందులో వైన్ పోసి, గిన్నె ఎత్తి తాగడం మా వైపు ప్రతి ముసలాయనకూ అలవాటు. ఈయనకు అదీ లేదు. ఆయన భార్య ఎర్మిన్ గారు చెప్పే మాట ఇది: "దగ్గు మందు ఇస్తే పుక్కిలించి కిటికీలోంచి ఉమ్మాడు. పులుపు సరిపోలేదట." చర్చిలో ఫాదర్ గారు ఆయనకు రొట్టె ముక్క ఇచ్చి పంపేస్తారు. పూజలో ఇచ్చే వైన్ గిన్నె దగ్గరికి రానివ్వరు.

నేను బ్రోకర్ని. ద్రాక్షతోటలవాళ్లకీ వైన్ వర్తకులకీ మధ్య తిరిగే మనిషిని. శరదృతువులో కోసిన పంట వసంతానికి ఇంకా పీపాల్లోనే ఉంటుంది. అప్పుడే విమర్శకులు దిగుతారు. దుబెర్నే గారిని ఏటా తోట తోటకీ నా కార్లోనే తిప్పుతాను. ఆ పచ్చి వైన్ని చూసి, ఇది ఇరవై ఏళ్ల తర్వాత ఎలా ఉంటుందో చెప్పాలి. ఉయ్యాల్లో పిల్లవాణ్ణి చూసి వీడికి బట్టతల వస్తుందా రాదా అని చెప్పడం లాంటిది.

ఆయన పద్ధతి ఎప్పుడూ ఒకటే. గ్లాసుని తెల్లగుడ్డ మీదికి వంచి రంగు చూస్తారు. ముక్కు లోపలికి పెడతారు. ఆయన ముక్కు పెద్దది. అది పట్టే గ్లాసులు మా వైపు కొన్ని ఇళ్లలో విడిగా ఉంచుతారు. తర్వాత నోట్లోకి తీసుకుని, గాలి పీల్చి, వంటింటి తూము ఖాళీ అవుతున్నట్టు చప్పుడు చేస్తారు. ఉమ్ముతారు. సూదిలోకి దారం ఎక్కించినంత సన్నగా, నేరుగా, గది అవతల ఉన్న బకెట్లో పడుతుంది. చుక్క చిందదు. అప్పుడు పైకప్పు చూస్తారు. రుచి నోట్లో ఎంతసేపు నిలిస్తే అంతసేపు చూస్తారు. నాసిరకం వైన్‌కి దూలాలు లెక్కపెట్టే వ్యవధి కూడా ఉండదు. చివరికి "పరవాలేదు" అంటారు, లేదా ఏమీ అనరు. పరవాలేదు అనిపించుకున్నవాళ్లు ఆ రాత్రి బాతుని కోస్తారు.

మిగతా విమర్శకులు పెన్సిల్ ముక్కు, చుట్టల పెట్టె, తడిసిన గులకరాళ్ల రుచి తగిలిందని రాస్తారు. "పెన్సిల్ నాకాలనిపిస్తే బడికి వెళ్తాను" అంటారు దుబెర్నే గారు.

ఆయన చేత మింగించాలని మెదోక్ అంతా పంతం పట్టింది. ఒకాయన వైన్ నోట్లో ఉన్నప్పుడు జోకు చెప్పాడు. దుబెర్నే గారు ఉమ్మి, నోరు తుడుచుకుని, అప్పుడు నవ్వారు. ఇంకొకాయన బకెట్లన్నీ దాచేశాడు. దుబెర్నే గారు బుగ్గలు ఉబ్బించుకుని మెట్లు దిగి, పెరడు దాటి, ఎదురొచ్చిన ఫాదర్ గారికి తల వంచి నమస్కరించి, రోడ్డు పక్క కాలవలో ఉమ్మి, మళ్లీ అంత దూరమూ నడిచి వచ్చారు.

"వగరు ఎక్కువ. బకెట్లు తక్కువ" అన్నారు.

ఈ పంతంలో అందరికంటే ముందున్నవాడు ఫిర్మిన్ కజో. చిన్న తోట, పెద్ద నోరు. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు.

"ఒరేయ్ ఎవారిస్ట్, ఈ ఏడు నువ్వు మింగి తీరతావు."

"పీపాకి మూత పెట్టుకో ఫిర్మిన్, ఈగలు పడుతున్నాయి."

ఏటా ఇదే సంభాషణ. ఏటా బకెట్లో అదే దారం.

"ఎందుకండీ ఇంత పట్టుదల? మింగితే ఏమవుతుంది?" అని ఒకసారి అడిగాను.

"మింగినవాడు అతిథి అయిపోతాడు రెమీ. అతిథి తీర్పు చెప్పకూడదు. మింగినదాని మీద నేను ఒక్క మాట కూడా మాట్లాడను."

పోయినేడాది పంట కోతకి కొద్ది రోజుల ముందు ఫిర్మిన్ చనిపోయాడు. అంతకుముందే ఏప్రిల్ మంచు సగం చిగుళ్లని మాడ్చేసింది. మిగిలిన సగాన్ని కూతురు మతీల్ద్ ఒక్కతే కోసింది, పులియబెట్టింది, పీపాల్లోకి ఎక్కించింది. పక్కనున్న పెద్ద ఎస్టేటు వాళ్లు అప్పటికే కంచె దగ్గర నిలబడి ఆ నేలని చూసి పోతున్నారు.

"ఈ వైన్ పోకపోతే తోట పోతుంది రెమీ గారూ" అంది నాతో.

ఎప్పుడూ ఆ ఇంటి వైన్ కొనే వర్తకుడు వేర్దియే ఈసారి నీళ్లు నమిలాడు. "ఫిర్మిన్ చెయ్యి వేరు. పిల్ల చెయ్యి ఎలా ఉందో ఎవరికి తెలుసు? దుబెర్నే ఏమంటాడో విని చెప్తాను."

వినడానికి తనే వచ్చాడు. ఇంకో ఇద్దరు వర్తకుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

మతీల్ద్ పీపాల గదిని అద్దంలా తుడిచింది. వెలుతురు బాగుంటుందని తెల్లగుడ్డ పరిచిన బల్లని ఎప్పుడూ ఉండే చోటు నుంచి వెనక కిటికీ కిందికి జరిపింది. పొరపాటంతా అక్కడే జరిగింది. వెనక వరస పీపాల్లో ఉండేది పిప్పి వైన్. మంచి వైన్ దానంతటది కారిపోయాక, అడుగున మిగిలిన తొక్కల్ని పిండితే వచ్చేది. నల్లగా, మొరటుగా ఉంటుంది. అసలు వైన్‌లో కాస్త బలం కోసం కలుపుకుంటాం కానీ విడిగా పరాయివాళ్లకి చూపించం. చుట్టాన్ని గడప దాకా తెచ్చి స్నానాల గదిలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది.

మతీల్ద్ వైన్ తీసే గాజు గొట్టం పట్టుకుని, అలవాటు కొద్దీ బల్లకి దగ్గరగా ఉన్న పీపాలోంచి తీసింది. ఆ పీపా మీద ఎర్ర సుద్దతో గీసిన గుర్తు ఆమె చూడలేదు. నేనూ చూడలేదు. దుబెర్నే గారి గ్లాసులో పోసింది. ఆయన ఉమ్మేదాకా వర్తకులు గ్లాసు చాపరు. ముగ్గురూ ఆయన గడ్డాన్ని చూస్తూ నిలబడ్డారు. వేర్దియే పెన్సిల్ తీశాడు.

రంగు చూశారు. ముక్కు పెట్టారు. ముక్కు అక్కడే ఒక క్షణం ఆగింది. నోట్లోకి తీసుకున్నారు. తూము చప్పుడు మొదలై, మధ్యలో ఆగిపోయింది. ఆయన కళ్లు మతీల్ద్ భుజం మీదుగా వెనక పీపా మీదికి వెళ్లాయి.

బకెట్ ఆయన కాలి దగ్గరే ఉంది.

ఆయన గొంతు మీది ఎముక మెల్లగా పైకి లేచి, కిందికి దిగింది.

"మింగారు" అన్నాడు వేర్దియే, చావు కబురు చెప్పే గొంతుతో.

"జారింది."

"మీకా? జారిందా?"

"ముసలి గొంతు. మీకూ వస్తుంది." చేతికర్ర తీసుకున్నారు. "మింగినదాని మీద నేను మాట్లాడనని అందరికీ తెలుసు. మళ్లీ మొదలుపెడదాం. అమ్మాయ్, ఈ కిటికీ ఎండ నా కంట్లో పడుతోంది. అటు పద." ముందు వరసకి నడిచి, ఒక పీపాని కర్రతో తట్టారు. "దీంట్లోంచి తియ్. ముందు ఒక రొట్టె ముక్క ఇవ్వు."

మతీల్ద్ ఆ పీపాని చూసింది. తిరిగి వెనక పీపాని చూసింది. ఎర్ర సుద్ద గుర్తు అప్పుడు కనబడింది. ఆ పిల్ల మొహం ఏ ద్రాక్షకీ రాని రంగుకి తిరిగింది. గొట్టంలో మిగిలినదాన్ని వెనక పీపాలోనే వదిలేసి, ముందు వరసకి వచ్చింది.

దుబెర్నే గారు రొట్టెని పాపం చేసినవాడిలా నమిలారు. తర్వాత కొత్త గ్లాసు అందుకున్నారు. రంగు, ముక్కు, తూము. దారం వెళ్లి బకెట్లో పడింది. పైకప్పు చూశారు. చూస్తూనే ఉన్నారు. కాసేపటికి వేర్దియే కూడా తలెత్తి, అక్కడేముందో అని చూశాడు.

"పరవాలేదు" అన్నారు దుబెర్నే గారు. మళ్లీ పైకి చూశారు. "ఇంకా ఉంది. నిదానంగా ఎదుగుతుంది. తొందరపడి సీసా విప్పేవాడు నష్టపోతాడు."

అంత పొడుగు తీర్పు ఎవరికీ దొరకలేదు. వర్తకులు గ్లాసులు చాపారు, రుచి చూశారు, తలలూపారు. వేర్దియే ఫిర్మిన్ నాటి ధరే ఖాయం చేసుకుని, కారెక్కుతూ ఫోన్ తీశాడు. మధ్యాహ్నానికి మెదోక్ అంతటికీ తెలిసిపోయింది: కజో ఇంట్లో దుబెర్నే మింగాడు.

"జారిందని చెప్పు రెమీ" అన్నారాయన విసుగ్గా. ఎంతమందికి చెప్పానో అంతమందీ కన్నుకొట్టారు.

సూప్ తాగి వెళ్లమని మతీల్ద్ ఇంట్లోకి పిలిచి, ముందుగా వెళ్లింది. పెరట్లో మేమిద్దరమే నడుస్తున్నాం.

"ఆ మొదటిది ఎలా ఉందండీ?"

"తలుపు నమిలినట్టు. గడియతో సహా."

"ఉమ్మేయాల్సింది."

"ఉమ్మితే ఎలా ఉందని అడుగుతారు. అడిగితే నిజం చెప్పాలి. మింగితే చెప్పక్కర్లేదు."

కొంచెం దూరం నడిచాక అడిగాను. "ఫిర్మిన్ గారి వైన్ ఎప్పుడూ మింగాలనిపించలేదా?"

"ఎన్ని ఏళ్లు అనిపించిందో." కర్రతో ఒక గులకరాయిని పక్కకి తోశారు. "ఒకడిది మింగితే వాడి పక్కవాడు ఏడాదంతా కుమిలిపోతాడు. ఇక్కడ అందరికీ పక్కవాడున్నాడు. అందుకని అందరిదీ ఉమ్మాను."

వంటింట్లో సూప్ పొగలు కక్కుతోంది. మతీల్ద్ వడ్డించి, కూర్చోకుండా నిలబడింది.

"దుబెర్నే గారూ, ఆ పీపా సంగతి మీకు..."

"ఏ పీపా?"

"వెనక వరసలో..."

"నాకు వెనక వరస కనబడదు. ఎండ కంట్లో పడిందని చెప్పాగా. కూర్చో, సూప్ చల్లారుతుంది."

ఆమె కూర్చుంది. బల్ల మీద ముందు వరస వైన్ కూజాలో ఉంది. పక్కన నేల మీద, మర్యాదగా, ఒక బకెట్ పెట్టింది. దుబెర్నే గారు సూప్ తాగి, అడుగున కాస్త మిగిల్చారు. కూజా అందుకుని గిన్నె నిండా వైన్ పోశారు. రెండు చేతులా గిన్నె ఎత్తారు. మేమిద్దరం చెంచాలు దించేశాం. ఆ గొంతు ఎముక లేచింది, దిగింది, లేచింది, దిగింది. గిన్నె ఖాళీగా బల్ల మీదికి వచ్చింది. బకెట్ ఉన్న చోటే ఉంది.

"మా నాన్న చూసుంటే..." అంది మతీల్ద్.

"ఏం చూస్తాడు? ఇది సూప్. సూప్ మీద నేను తీర్పు చెప్పను." మీసం తుడుచుకుని, గిన్నె ఆమె ముందుకి జరిపారు. "ఇంకాస్త వెయ్యమ్మా. సూప్ తక్కువగా."