రోడ్డుకు అవతల పార్కు

మా అక్క శకుంతలకు షుగర్ పెరిగిందని, రోజూ నడవాల్సిందేనని డాక్టర్ గట్టిగా చెప్పాడని తెలిసి నారాయణఖేడ్ బయలుదేరాను. పొద్దున ఏడున్నరకు లింగంపల్లి దగ్గర ఎక్స్‌ప్రెస్ బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్ ఇస్తారు. రద్దీలో సంచి వెతుక్కోవడం కష్టం, కార్డు ముందే చేతిలో పెట్టుకోవడం మంచిది. సంగారెడ్డిలో బస్సు ఆగినప్పుడు దిగి చాయ్ తాగాను. జోగిపేట దాటాక జనం పలచబడ్డారు. కిటికీ పక్కన పత్తి చేలు, కంది చేలు మొదలయ్యాయి.

పక్క సీట్లో మనూర్ వెళ్తున్న ఒకావిడ జొన్నరొట్టె విప్పి సగం నా చేతిలో పెట్టింది.

"ఖేడ్‌ల ఎవరున్నరు?"

"మా అక్క. నడవమన్నారట. తోడుండి నడిపిద్దామని పోతున్నా."

"నడిపిచ్చుటందుకు పట్నంకెల్లి వస్తున్నవా!" అని ఆవిడ పడీపడీ నవ్వింది. "మాకు ఎవ్వరు చెప్పరమ్మా. చేనుకాడికి పోయొస్తె అయిపాయె."

పదకొండు దాటాక బస్టాండులో దిగి ఆటోలో అక్క ఇల్లు చేరాను. ఆ సాయంత్రం అక్క డాబా మీద నీళ్ల ట్యాంకు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. నాలుగు అడుగులకో మలుపు. అక్కడి నుంచి చూస్తే ఎదురుగా పార్కు కనిపిస్తోంది. వేపచెట్లు, వాటి కింద నడిచే బాట, ఇనుప కసరత్తు సామాన్లు. మనుషులే లేరు.

"ఎదురుగా పార్కు పెట్టుకుని ఇక్కడెందుకక్కా?"

"కండ్లకు కనవడ్తది గని కాళ్లకు దొరకది చెల్లె" అంది, కింద రోడ్డు చూపిస్తూ.

రోడ్డు వెడల్పయింది. మధ్యలో డివైడర్ వచ్చింది. పార్కు గేటు ఎదురుగా మనుషులు దాటడానికి ఒక సందు వదిలారు కానీ, గేటుకు అటూ ఇటూ ఆటోల వరస. వాటి వెనక నుంచి ఏ బండి వస్తోందో దాటేవాళ్లకు కనిపించదు.

అక్క పక్కింట్లో రజియా ఉంటుంది, బట్టలు కుడుతుంది. ఒకప్పుడు పొద్దున్నే గల్లీలో గేట్లన్నీ కొట్టి ఆడవాళ్లను పార్కుకు లాక్కుపోయేది ఆమేనట. పోయిన వానాకాలం పార్కు నుంచి తిరిగొస్తుంటే మోటార్‌సైకిల్ తగిలి తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయింది, మళ్లీ నడుస్తోంది. కానీ గల్లీ మొదలు దాటదు. ఆమె మానేశాక మిగతావాళ్లూ ఒక్కొక్కరే మానేశారు.

చూడటానికి వెళ్తే రజియా మిషన్ ఆపి చాయ్ ఇచ్చింది.

"ఆ పోరడు మంచోడే పాపం. దవాఖానల మావోళ్లు వచ్చెదాక నా కాడనే ఏడ్సుకుంట కూసుండె. ఆటోల సందులకెల్లి వచ్చిన. వానికి నేను కనవడలే, నాకు వాడు కనవడలే." మిషన్ మీది గుడ్డ సవరించుకుంటూ, "గిప్పుడు హారన్ ఇనవడ్తె చాలు, కాళ్లు ఆడనే ఆగుతయి" అంది.

మర్నాడు ఆరింటికి అక్కను ఆటో ఎక్కించాను. ఎదురుగా ఉన్న పార్కుకు పోవడానికి ఆటో చాలా దూరం వెళ్లి మలుపు తిరిగి రావాలి. రజియా కిటికీలోంచి చూసింది.

"నడుసుటందుకు ఆటోల పోతున్రా అక్కా?"

అందరం నవ్వాం. ఆటో నడిపే యాదగిరీ నవ్వాడు. దారిలో, రజియా తన ప్రమాదం గురించి చెప్పిన మాట అతనికి చెప్పాను. గేటు దగ్గర బండి ఆపి అతను వెనక్కి తిరిగాడు.

"ఆ దినం గా లైన్ల నా బండి సుత ఉండె మేడం. ఎవ్వరు జరుపుమనలే, మేం సోంచాయించలే, గా ఆలోచననే రాలే."

"ఇప్పుడు జరపొచ్చు కదా?"

"గిరాకీ గేటు కాడనే దొరుకుతది. అయినా అడుగుతా మావోళ్లను."

మధ్యాహ్నం ఆటోల దగ్గర గొడవ డాబా దాకా వినిపించింది. "మా పొట్ట మీద కొడ్తరా?" అని ఒకతను అరుస్తున్నాడు. అక్క మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగింది. నేనూ వెనకే వెళ్లాను. రోడ్డు ఇవతలి అంచున నిలబడే అక్క గొంతెత్తింది.

"మిమ్ముల ఎల్లగొట్టుమంటలేను బిడ్డా. గా చాయ్ దుకాణం అవతలికి జరుగుండ్రి. పొద్దుగాల, పొద్దుమీకి, గంతే. మీ అమ్మలు సుత దాటాలె ఈ రోడ్డు."

అరిచినతను తల గోక్కున్నాడు. యాదగిరి తన బండి స్టార్ట్ చేసి అవతలికి తీసుకుపోయాడు. కాసేపటికి ఇంకొకటి కదిలింది. అరిచినతని ఆటో అన్నిటికన్నా చివర కదిలింది.

మూడో రోజు పొద్దున మేం కిందికి వచ్చేసరికి గేటు ముందు ఖాళీగా ఉంది. రోడ్డు రెండు వైపులా దూరం దాకా కనిపిస్తోంది. గల్లీ మొదట్లో రజియా నిలబడి ఉంది. బురఖా కింద కాన్వాస్ బూట్లు.

"చూద్దామని వచ్చిన. దాటుటందుకు కాదు."

అక్క చెయ్యి చాచింది. రజియా ఆ చేతినీ, రోడ్డునూ మార్చి మార్చి చూసి చివరికి పట్టుకుంది. చాయ్ దుకాణం దగ్గర నుంచి యాదగిరి వచ్చి, మా ముందు నడుస్తూ చెయ్యెత్తాడు, ఒక జీపు ఆగింది. డివైడర్ సందు దాకా బాగానే వచ్చాం. అంతలో అవతలి వైపు లారీ ఒకటి గట్టిగా హారన్ కొట్టుకుంటూ పోయింది. రజియా బిగుసుకుపోయింది.

"ఇంటికి పోతనక్కా. అల్లా కసం, నాతోని కాదు."

"ఇటు పోయినా రోడ్డే, అటు పోయినా రోడ్డే" అంది అక్క నెమ్మదిగా. "పార్కే దగ్గర. నీకు ఎప్పుడనిపిస్తె గప్పుడే పోదాం. నాకు ఏం జల్దీ లేదు."

అలాగే నిలబడ్డాం. బండ్లు పోతున్నాయి, ఆగుతున్నాయి. యాదగిరి చెయ్యి దించలేదు. కాసేపటికి రజియా గట్టిగా ఊపిరి పీల్చుకుని తనే ముందు అడుగు వేసింది.

గేటు లోపలికి రాగానే బెంచీ మీద కూలబడి ముఖం కప్పుకుంది. అక్క ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. తర్వాత మేం ముగ్గురం లేచి ఒక చుట్టు తిరిగేసరికి గల్లీలోంచి మరో ఇద్దరు వచ్చారు. డాబాల మీది నుంచి చూశారట.

"గా నడుసుడేంది, పెండ్లికి పోయినట్టు? చేతులు ఊపుండ్రి!" అని రజియా కసిరింది. వాళ్లు ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వారు.

ఆ సాయంత్రం నాలుగింటికి తిరుగు బస్సెక్కాను. నారాయణఖేడ్‌లో నేను చూసిన దూరమల్లా ఒక రోడ్డు వెడల్పే. హైదరాబాద్ నుంచి మూడున్నర గంటల ప్రయాణం కన్నా అదే పొడుగ్గా అనిపించింది. స్పీడ్ బ్రేకర్ కోసం దరఖాస్తు పెట్టడానికి గల్లీ వాళ్లు సిద్ధమవుతున్నారు. వస్తుందో రాదో తెలియదు. యాదగిరి గిరాకీకి పోయినప్పుడు చెయ్యెత్తడానికి ఎవరుంటారన్న బెంగ నన్ను వదల్లేదు.

జోగిపేట దాటాక అక్కకు ఫోన్ చేశాను. ఆయాసపడుతూ ఎత్తింది.

"ఏమైందక్కా?"

"ఏం కాలే. పార్కుల ఉన్న."

"ఎవరు దాటించారు?"

ఆమె చెప్పేలోపే పక్క నుంచి రజియా గొంతు వినిపించింది. "మాట్లాడింది చాలక్కా, జల్దీ నడువుండ్రి!"