ఏటి మలుపులో సీసం గుండు

సాఫ్ట్‌వేర్ వాళ్ళని విమానాల్లో నింపి పంపుతున్న రోజుల్లో నేనూ సింగపూర్‌లో దిగాను. తంజోంగ్ పగార్‌లో ఆఫీసు, చోవా చూ కాంగ్‌లో అద్దె ఫ్లాటు. వారంలో ఆరు రోజులు ఆఫీసుకి, ఏడో రోజు చేపలకి. చేపలు అందుకు ఒప్పుకోలేదన్నది వేరే సంగతి.

నాకీ పిచ్చి అంటించింది పక్క బ్లాకు అంకుల్. మలేషియాలో పుట్టిన తెలుగాయన, సెంబవాంగ్‌లో ఓడలు బాగుచేసే యార్డులో వెల్డరు. ప్రతి ఆదివారం పొద్దున్నే అటువైపు సముద్రంలో కలిసే ఒక ఏటి దగ్గరికి గాలం పట్టుకుని వెళ్ళేవారు. "కృష్ణ ఒడ్డున పుట్టినవాణ్ణి, నాకు చేపలు కొత్తా?" అని గొప్పలు పోయి నేనూ వెంటపడ్డాను. నిజానికి కృష్ణలో నేను వెలగబెట్టింది పుష్కర స్నానం ఒక్కటే.

మొదటిరోజు అంకుల్ ఏరు సముద్రంలో కలిసేచోట పెద్ద సీసం గుండు కట్టి, గాలం దూరంగా విసిరి, అరగంటలో రెండు చేపలు లాగారు. నేను అన్నీ రాసుకున్నాను. గుండు ఎంత, దారం ఎంత, ఎర ఏది, ఎన్ని నిమిషాలు ఆగాలి. ఏ పనికైనా ఒక పద్ధతి రాసిపెట్టి అందరిచేతా అదే చేయించడం ఆఫీసులో నా ఉద్యోగం. అంకుల్ పక్కనే నిలబడి పట్టడం నామోషీ అనిపించి, ఆ కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఏరంతా తిరిగాను. పైన వంతెన దగ్గర నీళ్ళు నిద్రపోతున్నట్టుండేవి, అక్కడా అదే గుండు. మధ్యలో మలుపు దగ్గర రాళ్ళ సందుల్లో సుడి తిరిగేవి, అక్కడా అదే గుండు. వంతెన దగ్గర ఎర బురదలో కూరుకుపోయేది. మలుపులో గాలం రాళ్ళకి తగులుకుని దారం తెగేది.

అంకుల్ నవ్వేవారు. "తంబీ, ఆరస్ చూడు, ఆరస్! నీళ్ళు పోయే జోరు చూసి గుండు కట్టాల. పేపర్ ఎందుకు?"

"మీకు అలవాటు అంకుల్. కొత్తవాడికి ఒక పద్ధతంటూ ఉండాలి కదా" అనేవాణ్ణి చిరాగ్గా. ఒకరితో చెప్పించుకోవడం నాకు మొదటినుంచీ గిట్టదు.

మూడు నెలలు ఉత్తచేతులతో ఇంటికొచ్చాక ఒకరోజు మా ఆవిడ తేల్చేసింది. "ఏవండీ, ఈ నెలాఖరులోగా ఒక్క చేప పట్టండి. లేదంటే ఇక ఆదివారాలు ఇంట్లోనే." మూడు ఆదివారాలు ఇట్టే అయిపోయాయి. నాకు నిజంగా భయం పట్టుకుంది. పేజరు మోగినా వినబడనట్టు నటించగలిగే చోటు నాకు ఆ ఏటిగట్టు ఒక్కటే.

నాలుగో ఆదివారం ఆవిడా చెప్పులు వేసుకుంది. "సాక్ష్యానికి" అంది.

వంతెన దగ్గర గొడుగు వేసుకుని కూర్చుని కాసేపు చూసింది. "అంత గుండు ఎందుకండీ? ఇక్కడ నీళ్ళు కదలడమే లేదుగా."

"నీకు తెలీదులే, ఊరుకో" అన్నాను. ఆవిడ మూతి ముడుచుకుంది.

మలుపు దగ్గరికి వచ్చాక నా దారం రెండుసార్లు తెగింది. కొత్త గాలం కడుతుంటే వేలికి గుచ్చుకుంది. నేను వేలు నోట్లో పెట్టుకునేలోగా ఆవిడ రాడ్ లాక్కుంది. గుండు విప్పి పారేసి, కాస్త దూరంలో గాలం వేస్తున్న అంకుల్ పెట్టెలోంచి చింతగింజంత గుండు తీసి కట్టింది. బతికున్న రొయ్యని గుచ్చి, మలుపుకి కాస్త ఎగువన వేసి, నీళ్ళతోపాటు దాన్ని దొర్లనిచ్చింది.

"మా నాన్న కాలవ లాకుల దగ్గర పనిచేసేవారుగా" అంది నీళ్ళమీంచి చూపు తిప్పకుండా. "లాకు పైన నీళ్ళు నిలిచి ఉంటాయి, అక్కడ బెండు కట్టి ఎరని తేలనిచ్చేవాళ్ళం. కింద సుడిలో ఇలా చిన్న గుండు. పైన కట్టింది కింద పనికిరాదు."

పెళ్ళయి మూడేళ్ళు. మామగారి ఉద్యోగం నాకు తెలుసు. ఆ లాకుల దగ్గర ఈవిడ ఏంచేస్తూ పెరిగిందో ఒక్కసారీ అడగలేదు.

మూడోసారి వేసినప్పుడు రాడ్ విల్లులా వంగింది. నేను "పట్టుకో, పట్టుకో" అని అరవడం తప్ప చేసిందేం లేదు. అంకుల్ వల పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. "పెలాన్ పెలాన్ అమ్మా! మెల్లగా, మెల్లగా!" గట్టుమీద పడింది మోచేతంత పండుగప్ప.

"సియాకప్!" అని దాని మలయ్ పేరు అరిచారు అంకుల్ ఆనందం పట్టలేక. "నాలుగు నెలలుగా తప్పు మనిషిని తెచ్చినాను తంబీ."

తిరుగు రైల్లో చేప సంచి నా ఒళ్ళోనే ఉంది. స్టేషన్లు దాటుతున్నా నా దిగులు నాదే. చివరికి అడిగేశాను. "ఇది నేను పట్టినట్టేనా?"

ఆవిడ ఫక్కున నవ్వింది. తర్వాత కిటికీ వైపు తిరిగింది. "ఆరు రోజులు ఆ ఫ్లాట్లో ఒక్కదాన్నే. ఏడో రోజు మీరు ఏటికి. ఎప్పుడో ఒకప్పుడు నన్నూ రమ్మంటారని నాలుగు నెలలు చూశాను."

సిగ్గేసింది నాకు. చాలా సిగ్గేసింది.

"వచ్చే ఆదివారం వస్తావా?" అన్నాను.

"నేనెలాగూ వెళ్తాను" అంది. "కావాలంటే మీరూ రండి."