మామ నెమరు

మామ పోయిన కబురు అత్తే ఫోన్‌లో చెప్పింది. నేనప్పుడు మదనపల్లె బస్టాండులో టీ తాగుతున్నాను. అత్త పేరు కనబడగానే అలవాటు కొద్దీ గొంతు మార్చి, "మీరు పిలుస్తున్న వ్యక్తి ప్రస్తుతం బజ్జీలు తింటున్నారు" అన్నాను. అత్త అంది: "మీ మామ నెమరు నిలిచిపోయె, అబ్బీ."

నెమరు అన్న మాట నేను పుట్టించిందే. మామకు నిద్రలో పళ్లు కొరికే అలవాటు. ఆ చప్పుడు పక్కింటి వాళ్లక్కూడా వినబడేది. పుంగనూరు పక్క పల్లెలో ఆవుల మధ్యే పెరిగిన మనిషి గదా, "మా మామ పండుకుని నెమరేస్తాండాడు" అని పెళ్లిళ్లలో చెప్పి అందర్నీ నవ్వించేవాణ్ణి. ఆయన కోప్పడేవాడు కాదు. "నెమరేసే గొడ్డుకు రోగం లేదురా అల్లుడా" అనేవాడు. పొద్దున్నే కొట్టంలోకి పోయి ఒక్కో ఆవు దవడ కింద అరచెయ్యి పెట్టి చూసేవాడు. దవడ ఆడుతుంటే పక్కదాని దగ్గరికి పోతాడు. ఆడకపోతే ఆ పూట ఆయనకు అన్నం దిగదు. "నెమరు మానిన గొడ్డు బతకదు" అనేది ఆయన మాట. అత్త ఆ మాట విని విని ముసలిదైంది.

పోయినేడు మామకు ఒక దవడ పన్ను విరిగింది. పొద్దున లేస్తే చెంపలు నొప్పి. "సంగటి మింగేదానికి పళ్లతో పనేముండాది?" అని మొండికేస్తే, నేనే లాక్కుపోయి మదనపల్లెలో పళ్ల డాక్టరమ్మకు చూపించాను. దవడ కండ ఎట్లుందో చూడాలని ఆమె కుప్పం ఆస్పత్రికి స్కానింగుకు రాసిచ్చింది.

అక్కడ స్కానింగు డాక్టరమ్మ మామ చెంపకు చల్లటి జెల్లు పూసి మిషను ఆనించింది. కడుపుతో ఉన్నవాళ్లకు పెట్టే మిషనే. నేనూరుకుంటానా? "మగబిడ్డా, ఆడబిడ్డా డాక్టరమ్మా?" అన్నాను. ఆమె గోడ మీది బోర్డు చూపించి, "ఆ మాట ఈడ అడిగితే జైలేప్పా" అంది. మామ నవ్వాడు. తెర మీద బూడిదరంగు పట్టీ ఒకటి కదిలింది. దవడ కండ అదేనట.

"గట్టిగా కొరకండి... ఇంక వదిలెయ్యండి."

కొరికితే పట్టీ ఉబ్బింది. వదిలెయ్యమన్నా సరిగ్గా వదల్లేదు.

"నిద్రలో ఈ కండకు బాగా పని పడతాండాది పెద్దాయనా."

"నేను పండుకున్నా అది సేద్యం చేస్తాండాదా తల్లీ!" అన్నాడు మామ.

పళ్లకు తొడుగు చేయించి ఇచ్చారు. "ఇది కొరకడాన్ని ఆపదు, పళ్లు అరక్కుండా కాపాడుతుంది" అని పళ్ల డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. మామ దాన్ని చిక్కం అనేవాడు. నూర్చే ఎద్దు గింజలు తినకుండా మూతికి కట్టే బుట్ట అదే గదా. పగలు దాన్ని ఖాళీ సున్నం డబ్బాలో దాచేవాడు.

తొడుగు పెట్టినాక చప్పుడు పోయింది. మాకందరికీ పండగ. అత్తకు మాత్రం నిద్ర పట్టలేదు. మామ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదట. మళ్లీ కుప్పం పోయినప్పుడు స్కానింగులో ఆ పట్టీ అట్లే ఉంది. కండ తన పని తాను చేస్తూనే ఉందని డాక్టరమ్మ చెప్పింది. నా చెవులతో విన్నాను.

ఇప్పుడు మామ లేడు. కొట్టంలో ఆవు దవడ కింద చెయ్యి పెట్టబోతూ కూలబడ్డాడు. గుండె అన్నారు. అత్త మాత్రం శవం పక్కన కూర్చుని నన్నే చూసింది.

"నెమరు ఆపిస్తివి గదప్పా."

"ఆగలేదత్తా. సద్దే ఆగింది. కుప్పంలో నేను కండ్లారా చూసినా."

"నువ్వు చెప్పేది యాడ నమ్మేది? ఫోన్ ఎత్తినా నీ గొంతు నీది కాదు."

వెంటనే ఎదురు మాట అనగలిగిన నోరు నాది. ఆ రోజు దాన్ని పక్కన పెట్టి, పళ్ల డాక్టరమ్మతో ఫోన్ చేయించాను. అత్త అంతా విని, "ఆ ఆడమనిషి గొంతు కూడా నీదే గదా" అని పెట్టేసింది.

కర్మ అయినాక ఒక మధ్యాహ్నం పోయాను. ఇంట్లో ఎవరూ లేరు. గూట్లో సున్నం డబ్బా అలాగే ఉంది. మూత తీయబోయి మానుకున్నాను. కొట్టంలో అత్త చాప వేసుకుని పడుకుని ఉంది.

"ఈడ యాల పండుకున్నావత్తా?"

"ఈడ సద్దుండాది."

కళ్లు తెరవలేదు. పక్కన పడుకున్న ఎర్రావు దవడ కింద ఆమె అరచెయ్యి ఉంది. దవడ ఆడుతున్నంతసేపూ చెయ్యి ఊగుతోంది. ఆవు ఒక ముద్ద మింగి, ఇంకో ముద్ద పైకి వచ్చేదాకా ఆగింది. ఆ కాస్తలో అత్త కళ్లు తెరిచింది. నేనూ ఊపిరి బిగబట్టాను.