ఒక్క ‘బాగుంది’ ఎగ్గొట్టి పోయిన ఫ్రెంచి మాస్టారు

మా ఫ్రెంచి మాస్టారు పోయారని మొన్న పొద్దున ఫోనొచ్చింది. మా పాత స్టూడెంట్ల గ్రూపులో అప్పటికే దండాలూ పూలూ మొదలైపోయాయి. దేవుడిలాంటి మనిషట! దేవుడూ లేదు, నా తలకాయా లేదు. నోటి దురుసు మనిషి. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెప్తాను, నిజం చెప్పాక.

చిక్కడపల్లిలో ఒక మేడ మీద గదే ఆయన క్లాసు. అశోక్‌నగర్ హాస్టల్లో నా చుట్టూ అందరూ గ్రూప్స్‌కి చదువుతుంటే, నేనొక్కదాన్నే ఇంగ్లీషుని ఫ్రెంచిలోకి మార్చడం నేర్చుకోవడానికి ఆ మెట్లెక్కేదాన్ని. అనువాదంలో ఉద్యోగం దొరుకుతుందని ఆశ.

మొదటి వారమే ఒక వాక్యం ఇచ్చారు: ‘ఐయామ్ అఫ్రెయిడ్ వుయ్ కాంట్ హెల్ప్ యూ.’ నేను అందులోని భయాన్ని భయంగానే ఫ్రెంచిలో పెట్టాను.

“ఎవరికమ్మా భయం? రాసినవాడి వెంట కుక్క పడిందా?” అన్నారు. “ఇంగ్లీషు మూసెయ్. సాయం అడగడానికి వచ్చిన మనిషికి మీ అమ్మ ఏమని చెబుతుంది?”

“ఏమనుకోకుండ్రి, మాతోని కాదు అంటది సార్.”

“మాతోనీ!” అని సాగదీశారు. క్లాసంతా నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. అప్పుడు బల్ల చరిచి, “నవ్వకండి. ఫ్రెంచివాడూ అంతే, ముందు ఏమనుకోవద్దంటాడు, తర్వాత కాదంటాడు. మీ అమ్మ మాట పట్టుకెళ్ళి అక్కడ పెట్టు” అన్నారు. పాఠం ఆ రోజే తలకెక్కింది. ముందు నవ్వించిందెవరట?

ఎవరైనా డిక్షనరీ తీస్తే, “అది కిరాణా కొట్టు. సరుకులిస్తుంది, వంట చెయ్యదు” అనేవారు. మంచి మాటే. నేనీరోజు తింటున్న అన్నం ఆ మాట పెట్టిందే, ఒప్పుకుంటాను.

కానీ హిమాయత్‌నగర్‌లో ఒక ఆఫీసు నన్ను దాదాపు తీసుకుని, చివర్లో ఈయనకు ఫోన్ చేసింది. “ఇంకా పచ్చి. ఏడాది ఆగండి” అన్నారట. ఉద్యోగం పోయింది.

“నా నోటికాడి కూడు ఎందుకు గుంజిండ్రు సార్?” అని మెట్ల మీదే నిలదీశాను.

“పచ్చికాయని పండు అనమంటావా?” అని చెప్పులేసుకుని దిగిపోయారు.

నారాయణగూడ దాకా తిట్టుకుంటూ నడిచాను. మర్నాడు మళ్ళీ క్లాసుకెళ్ళానంటే భక్తితో కాదు, పంతంతో. ఈ మనిషి నోటితోనే ‘బాగుంది’ అనిపించాలి! ఎంత రాసినా ‘ఊఁ’ అనేవారు. వేరేచోట ఉద్యోగం వచ్చిందని స్వీట్లు పట్టుకెళ్తే దానికీ ‘ఊఁ’.

పోయిన నెల పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని తెలిసి వెళ్ళాను. పరామర్శకే కాదు, ఆ వారమే పూర్తిచేసిన అనువాదం కూడా సంచిలో పెట్టుకెళ్ళాను. మంచం పక్కన కూర్చుని మొదటి పేజీ చదివాను. కళ్ళు మూసుకుని విన్నారు. అయిపోయాక చూస్తే మూతి ఒక పక్కకి వంగి ఉంది. అది నవ్వో, జబ్బో.

“సార్, బాగుందా? తలన్న ఊపుండ్రి.”

కదల్లేదు. భుజం పట్టుకుని కుదిపాను. “సార్, జర చెప్పుండ్రి. బాగలేకుంటే బాగలేదనన్న చెప్పుండ్రి!”

వాళ్ళావిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి తీసేశారు. “నిద్రపోయారమ్మా, పడుకోనీ.”