యమున ఒడ్డున తుఫాను జాగ్రత్తలు

జూలై నెల, రెండో ఆదివారం. స్థలం: ఫరీదాబాద్ దాటాక యమున కరకట్టకు లోపలివైపు, నది పక్క పొలాలు. హాజరైనవారు: నేను (కేంద్ర ప్రభుత్వ కొలువు చేసి రిటైరైనవాణ్ణి), నా భార్య (రిటైరైన నర్సు), మా తెలుగు చర్చి పాస్టరుగారు, ఆయనతోపాటు చర్చి వ్యాను, మా చర్చిలోనే పెరిగి ఇప్పుడు ఒక ఆసుపత్రి కాన్పుల వార్డులో పనిచేస్తున్న నర్సమ్మాయి. మాకు మంచాలు వేసి కూర్చోబెట్టినవారు: పొలంలో గుడిసె వేసుకుని సొరకాయలు, బీరకాయలు పండించే ఒక పెద్దావిడ, నెలలు నిండిన ఆమె కోడలు. గైర్హాజరు: ఆ కోడలి భర్త. కాయలు అమ్మడానికి మండీకి వెళ్లి ఇంకా తిరిగి రాలేదు.

ఎక్కడ నలుగురు కూర్చున్నా ముందు హాజరు రాసుకోవడం నాకు ఆఫీసు అంటించిన అలవాటు. రిటైర్మెంటు కూడా దాన్ని వదిలించలేకపోయింది.

మా చర్చి నర్సులు నెలకోసారి ఆ పొలాలకు వెళ్లి బీపీ చూసి, మందులిచ్చి వస్తుంటారు. ఆ కోడలికి కాన్పు ఏ రోజైనా రావచ్చు. గుడిసె నుంచి కరకట్ట ఎక్కడానికి ఇసుక బాట ఒక్కటే దారి. నది పొంగితే అన్నిటికంటే ముందు మునిగేది ఆ బాటే. నొప్పులు మొదలయ్యేసరికి దారి లేకపోతే ఏం చేయాలి? నర్సమ్మాయిని పీడిస్తున్న భయం అదే. "అంకుల్, ఏదో ఒక ప్లాన్ చేయండి, ప్లీజ్," అని వారం ముందే అడిగింది. ప్లాన్ అనే మాట నా చెవిన పడ్డాక ఇంకేముంది, ఆ సాయంత్రమే కాగితాలు ముందేసుకున్నాను.

మాది బందరు దగ్గర తీరప్రాంతం. పాస్టరుగారిది చీరాల వైపు, మా ఆవిడది కాకినాడ. ప్రమాదం ముంచుకొస్తే ఏం చేయాలో మాకొకరు చెప్పాలా? ముగ్గురం కలిసి హిందీలో ఒక కరపత్రం తయారుచేశాం. గాలి లేవకముందే పైకప్పును తాళ్లతో బిగించాలి. అటుకులు, అగ్గిపెట్టె, టార్చి మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టాలి. ఆకాశం నల్లబడి ఈదురుగాలి మొదలవగానే కోడల్ని కట్ట అవతలి సర్కారు బడికి చేర్చాలి. ఇలా చాలా రాశాం. రాసినదాన్ని నేను రెండుసార్లు సాపు చేశాను. బొటనవేలంత లావు తాళ్లు కూడా కొని వ్యానులో వేశాం.

ఆదివారం వ్యానులో వస్తుంటే దారిలో నర్సమ్మాయి ఆ కరపత్రం చదివింది. ఆ పిల్లకు తెలుగు బాగానే అర్థమవుతుంది గాని నోట్లోంచి ఎక్కువగా హిందీయే వస్తుంది.

"అంకుల్, ఇదేంటి? కొబ్బరిచెట్ల కింద నిలబడకూడదా? ఫరీదాబాద్ మే నారియల్ కా పేడ్ కహా హై?"

ఫరీదాబాద్‌లో కొబ్బరిచెట్టు ఎక్కడుందని ఆ పిల్ల ప్రశ్న. నేను కిటికీలోంచి బయటికి చూశాను. కొంచెం వెతికే చూశాను.

"ఉంటే నిలబడొద్దన్నాం తల్లీ," అన్నారు పాస్టరుగారు స్టీరింగు తిప్పుతూ. "లేకపోతే మరీ మంచిది."

గుడిసె ముందు నులకమంచాల మీద కూర్చుని, చాయ్ తాగి, నేను గొంతు సవరించుకుని చదవబోతుండగా కట్ట మీద మైకు కట్టిన ఆటో ఒకటి వచ్చి ఆగింది. ఎగువన బ్యారేజీ గేట్లు ఎత్తారట. ఒడ్డున ఉన్నవాళ్లంతా సామాను, పశువులతో సాయంత్రంలోగా బడికి చేరుకోవాలట.

పాస్టరుగారూ, మా ఆవిడా, నేనూ ఒక్కసారే తలలు పైకెత్తాం. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఎండకు కళ్లు చికిలించుకోవలసి వచ్చింది. ఆకు కదలడం లేదు.

"మబ్బు తునక లేదు కదండీ," అన్నారు పాస్టరుగారు. "వీళ్లు పాత రికార్డింగేదో వేసినట్టున్నారు."

"నాకూ అలాగే ఉంది. సాయంత్రం దాకా చూద్దాం," అన్నాను.

పెద్దావిడ మమ్మల్ని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "అరే బాబూజీ, పైకేం చూస్తారు? అక్కణ్ణుంచి కాదు వచ్చేది. వాన కొండల్లో పడింది. మన జమునాజీ ఇలాంటి ఎండలోనే వస్తుంది."

నేను కరపత్రం మడిచి జేబులో పెట్టుకున్నాను. ముగ్గురం పుట్టిందగ్గర్నుంచీ సముద్రం పక్కన గాలిని చూసి భయపడటం నేర్చుకున్నవాళ్లం. ఎండ కాస్తుంటే మాకు ధైర్యం వచ్చేస్తుంది. ఆ ధైర్యం ఈ నది దగ్గర పనికిరాదు.

"అయితే పదండి మరి, సర్దుకుందాం," అంది మా ఆవిడ లేస్తూ.

"నేను రాను," అంది పెద్దావిడ. "కిందటేడూ ఇలాగే అరిచారు. బడిలో దోమలకు రక్తం పోసి వచ్చాం. ఇక్కడ చూస్తే కాలిమడమ కూడా తడవలేదు. ఆలోగా నా బీరకాయలు ఎవడో కోసుకుపోయాడు. వాడి చేతులు విరగా!"

నది ఎలా వస్తుందో అంత బాగా తెలిసిన మనిషి, వస్తుందని మాత్రం నమ్మడం లేదు. మా ఆవిడ మంచం మీద ఆమె పక్కకు జరిగి కూర్చుంది.

"దీదీ, మా సముద్రం పక్కన రమ్మన్న ప్రతిసారీ వెళ్తాం. చాలాసార్లు ఏమీ రాదు. ఇంటికొచ్చి పిలిచినవాణ్ణి తిట్టుకుంటాం. తిట్టడానికి మనుషులం మిగులుతాం కదా."

"తిట్టడానికి బడి దాకా ఎందుకు? ఇక్కణ్ణుంచి తిట్టినా వినిపిస్తుంది."

"మరి నొప్పులొస్తే? ఇక్కణ్ణుంచి కేకేస్తే డాక్టరుకు వినిపిస్తుందా?"

పెద్దావిడ ఖాళీ చాయ్ గ్లాసులు ఏరుకోసాగింది. అప్పుడు నర్సమ్మాయి, మేమెవరమూ చేయని పని చేసింది. నేరుగా కోడల్ని అడిగింది. "భాభీ, నువ్వేమంటావ్?"

కోడలు మేలిముసుగు కొంచెం జరిపింది. "నేను వెళ్తాను. నాకు భయంగా ఉంది." ఆగి, గుడిసె వెనక్కి చూసింది. "కానీ గేదె రాదు."

గేదె సంగతి అప్పుడు బయటపడింది. కోడలి పుట్టింటి నుంచి వచ్చిన గేదె అది. కోడలి చేతికే పాలిస్తుంది, కోడలి గొంతు వినిపిస్తేనే అడుగు వేస్తుంది. మామూలు రోజుల్లో ఆమె ముందు నడిస్తే వెనకే పోతుంది. ఇప్పుడామె ఆ ఇసుకలో కట్ట దాకా నడవలేదు. గేదెను వదిలి అత్త కదలదు. అత్తను వదిలి కోడలు కదలదు.

"ఏముంది, నేను తోలుకొస్తాను," అని పాస్టరుగారు చొక్కా చేతులు మడిచారు. "చిన్నప్పుడు ఎన్ని గేదెలను కాయలేదు!" పలుపు పట్టుకుని లాగారు. బతిమాలారు. తెలుగులో అదిలించారు. గేదె ఆయన వంక ఒకసారి చూసి, కూర్చుంది.

"పాస్టరుగారూ, హిందీలో చెప్పండి," అంది మా ఆవిడ.

"హిందీలోనూ చెప్పానమ్మా. దానికి మన మీద నమ్మకం కుదరలేదు."

మా ఆవిడ పొలం అంచున ఆగి ఉన్న మోటారు రేహ్డీ వైపు చూసింది. పొరుగు రైతు కూరగాయలు మోసుకుపోయే మూడు చక్రాల బండి అది. వెనక బల్లలా చదునుగా ఉంటుంది. దాన్ని పిలిపించి, గోనెసంచుల మీద బొంతలు పరిచి, కోడల్ని వెనక్కి తిరిగి కూర్చోబెట్టింది. తను పక్కన కూర్చుని ఆమె నడుము పట్టుకుంది. "భయ్యా, పెళ్లి ఊరేగింపులా పోనీ," అంది పొరుగు రైతుతో.

బండి కదిలింది. కోడలు చేయి చాపి, "ఆ జా, ఆ జా, మేరీ రానీ," అని పిలిచింది. గేదె లేచి, ఒళ్లు దులుపుకుని బండి వెనక నడవసాగింది.

ఆ ఊరేగింపు చూడవలసిందే. ముందు బండి, దాని వెనక గేదె, దాని వెనక గోధుమల మూట నెత్తిన పెట్టుకుని, మైకువాణ్ణి తిడుతూ పెద్దావిడ. బండి ఇసుకలో దిగబడినప్పుడల్లా పాస్టరుగారూ నేనూ నెట్టాం. నర్సమ్మాయి అటొకసారీ ఇటొకసారీ పరుగెత్తుతూ, "ధీరే భయ్యా, మెల్లగా!" అని అరుస్తూనే ఉంది. కట్ట ఎక్కాక వెనక్కి తిరిగి చూశాను. నది ఎప్పటిలాగే ఎక్కడో దూరంగా, సన్నగా మెరుస్తోంది. గాలి కూడా చల్లబడలేదు. మేమంతా కలిసి ఒక నిండు గర్భిణిని అనవసరంగా కుదిపామా అనిపించింది.

బడి వరండాలో వాళ్లకొక మూల చూపించి, గేదెను వేపచెట్టుకు కట్టించి, దోమతెర ఇచ్చాం. పెద్దావిడ దాన్ని వేళ్లతో పరీక్షించి, "దీనికి చిల్లులున్నాయి," అంది.

"దోమతెరకు ఉంటాయి దీదీ," అంది మా ఆవిడ.

నర్సమ్మాయి ఆ రాత్రి అక్కడే ఉండిపోయింది.

మర్నాడు ఉదయం టిఫిను దగ్గర ఉండగా ఫోను వచ్చింది. నొప్పులు మొదలయ్యాయనీ, అంబులెన్సు బడి గేటు దాకా వచ్చిందనీ, అందరూ ఆసుపత్రికి బయలుదేరారనీ నర్సమ్మాయి చెప్పింది. పాస్టరుగారు వ్యాను తెచ్చారు. వెళ్తూ వెళ్తూ కట్ట దగ్గర ఒక్క నిమిషం ఆగాం. ముందురోజులాగే ఎండ కాస్తోంది. ఇసుక బాట లేదు. బీర తీగలు లేవు. గోధుమరంగు నీళ్లు గుడిసె చూరు దాకా వచ్చి, చప్పుడు లేకుండా సాగిపోతున్నాయి. పాస్టరుగారు గేరు మార్చి వ్యాను కదిలించారు.

ఆసుపత్రి వరండాలో పెద్దావిడ నేల మీద కూర్చుని ఉంది. కాసేపటికి ఆమె కొడుకు పరుగెత్తుకుంటూ వచ్చాడు. రాత్రి మండీలోనే చిక్కుకుపోయి, ఫోనులో చార్జి కూడా లేక, పొద్దున తిన్నగా పొలానికి వెళ్లాడట. కట్ట మీంచి మునిగిన గుడిసెను చూశాడట. బడిలో ఎవరో చెప్పేదాకా లోపల ఎవరున్నారో, ఎవరు లేరో అతనికి తెలియదు. తల్లి కొంగు పట్టుకుని నిలబడిపోయాడు.

తలుపు తెరుచుకుని నర్సమ్మాయి బయటికి వచ్చింది. "బేటీ హుయీ హై, భయ్యా, ఆడపిల్ల. పాపాయీ, భాభీ ఇద్దరూ ఠీక్ హైఁ."

"ఏమన్నారు?" అన్నాడతను.

మళ్లీ చెప్పింది. అతను మళ్లీ అడిగాడు. ఆ పిల్ల విసుక్కోకుండా మూడోసారీ చెప్పింది.