గుమ్మానికి ఆనించిన చీపురు

పక్కింటి మామ్మగారు పోయారని ఆవిడ కూతురు ఫోన్ చేసింది. నిద్రలోనే పోయారట. పొయ్యి కట్టేసి అక్కడే కూలబడ్డాను. ఆవిడ తల్లిదండ్రులు ఫిన్లాండ్ నుంచి వచ్చారు, నేను బాపట్ల నుంచి వచ్చాను. అమెరికాలో, డులూత్‌ అనే ఊళ్లో పక్కపక్క ఇళ్లు మావి, అంతే చుట్టరికం. కానీ నన్ను మళ్లీ మనుషుల్లో కలిపింది ఆవిడే.

డెబ్బై తొమ్మిదిలో నా తొలిచూలు బిడ్డ పురిట్లోనే పోయాడు. ఆ తరవాత ఎవరొచ్చినా తలుపు తీయడం మానేశాను. చర్చివాళ్లు మంచివాళ్లే, కానీ "దేవుని చిత్తం తల్లీ" అని ఇంకొక్కరు అంటే చేతిలో గిన్నె విసిరేసేదాన్నే!

ఆ ఆగస్టులో మామ్మగారు మా ఆయనతో, "వీకెండ్‌కి ఈ పిల్లని నాతో పంపు" అన్నారు. అడిగినట్టు లేదు, చెప్పినట్టుంది. ఊరికి దూరంగా, ఓ చిన్న సరస్సు ఒడ్డున వాళ్ల వేసవి ఇల్లు. వాళ్ల నాన్న కట్టిన చెక్క ఇల్లది. కరెంటు లేదు, తలుపుకి తాళం లేదు. నీళ్ల పక్కనే ఆవిరిస్నానానికి ఓ గది.

ఆ సాయంత్రం అందులో కాలిన రాళ్ల మీద నీళ్లు పోస్తూ, "ఇక్కడ ఏడిస్తే చెమటనుకుంటాం" అన్నారు. ఏడ్చాను. ఆసుపత్రిలో రాని ఏడుపంతా వచ్చింది. ఓదార్చలేదావిడ. ఇంకో చెంబు నీళ్లు పోశారు.

మర్నాడు నేను లేచేసరికి మామ్మగారు బ్లూబెర్రీలు ఏరడానికి వెళ్లిపోయారు. తలుపు తీద్దును కదా, బయట గుమ్మానికి అడ్డంగా పొడుగుకర్ర చీపురు! మా ఇంట్లో అలా పెడితే మా అమ్మ చేతిలో వీపు విమానం మోత మోగేది. పొద్దున్నే ఇదేం దరిద్రమని తీసుకెళ్లి పెరట్లో పడేశాను.

కాసేపటికి అవతలి ఒడ్డు నుంచి పడవ వచ్చింది. ఒక పెద్దాయన, ఏలకుల బ్రెడ్డుతో ఆయన కోడలు, ఆమె చంకలో పసిపిల్ల. నా సంగతి వాళ్లకేం తెలుసు? "కాస్త పట్టుకోండి" అని ఆ కోడలు పిల్లని నా చేతుల్లో పెట్టేసి బ్రెడ్డు కొయ్యడానికి కూర్చుంది. నా ప్రాణం ఆగినంత పనైంది. పిల్ల మాత్రం నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది.

మామ్మగారు బకెట్టుతో వచ్చి గుమ్మం చూశారు.

"చీపురేదీ?"

"గుమ్మంలో ఉండకూడదండీ, మాకు అరిష్టం. తీసేశాను."

"మాకు చీపురు ఆనించి ఉంటే ఇంట్లో ఎవరూ లేరని. చీపురు లేకపోతే రమ్మని. నిన్నెవరూ కదిలించకూడదని పెట్టి వెళ్లాను, పిచ్చిదానా!" అని, నా భుజం మీది పిల్లని చూసి ఆగారు. "సరే, ఇంకాస్త కాఫీ పెడదాం. మాటలు రానప్పుడు కాఫీ ఎక్కువ పొయ్యాలి" అన్నారు.

ఆ తరవాత ఇరవై ఏళ్లు ప్రతి వేసవీ వెళ్లాం. పళ్ల మధ్య చక్కెరబిళ్ల పెట్టుకుని కాఫీ తాగడం ఆవిడే నేర్పారు. నా చేత ఆవకాయ పట్టించి, కళ్లనీళ్లు కారుతున్నా వదలకుండా బంగాళాదుంపలకి పూసుకు తినేవారు.

సమాధి కార్యక్రమం అయ్యాక కూతురు, నేను ఆ ఇంటికి వెళ్లాం. గుమ్మానికి చీపురు ఆనించి ఉంది. పోయినసారి వెళ్తూ మామ్మగారు తన చేత్తో పెట్టిన చీపురది. కూతురు దాన్ని ముట్టుకోలేక మెట్ల మీద కూర్చుండిపోయింది. నాకూ చెయ్యి రాలేదు. చివరికి నేనే తీసి పెరట్లో పెట్టి, లోపలికెళ్లి పొయ్యి మీద కాఫీ పెట్టాను.

కాఫీ మరిగేలోపే అవతలి ఒడ్డున పడవ కదిలింది. అదే పెద్దాయన, ఒళ్లో బ్రెడ్డు పెట్టుకుని కూర్చున్నాడు. తెడ్లు వేస్తున్నది ఆనాడు నా భుజం మీద నిద్రపోయిన పిల్ల.